కడుపుతో ఉన్న పందికి పొట్టు మేత

మా ఇంట్లో డాక్టరు రాసిచ్చినట్టు తినవలసి వచ్చిన మొదటి ప్రాణి పంది. మిగతావాళ్లం దొరికింది తినేవాళ్లం.

డెబ్బైల మధ్యలో పురానాపూల్ దిగువన, మూసీ ఒడ్డున ఉండేవాళ్లం. బాపు మున్సిపాలిటీలో పని చేసేవాడు. ఇంటి వెనక రాళ్లగోడ కట్టి పందుల్ని పెంచేవాడు. నేను ఇంటర్ తప్పి, మళ్లీ రాస్తానేమోనని ఎవరూ ఆశపడకుండా ఇంట్లోనే ఉండేవాణ్ని. నాటు పందుల మధ్య ఒకే ఒక్క తెల్ల సీమపంది ఉండేది. బాపు దాన్ని సర్కారు ఫారం నుంచి తెచ్చాడు. మొదటి ఈతలో మూడు పిల్లల్ని కని, మూడింటినీ పోగొట్టుకుంది. రెండోసారి చూడి కట్టగానే బాపు తేల్చేశాడు.

"ఈపారి గిట్ల పిల్లలు దక్కకపోతే కోతకు ఇచ్చేస్త. తిని పండుకునేటోడు ఇంట్ల ఒకడు చాలు."

ఆ ఒకడు ఎవరని నేను అడగలేదు.

పశువుల డాక్టరు వచ్చి దాన్ని చూశాడు. అది ఎంత తిన్నా ఆకలి తీరక రాతి తొట్టి అంచు నములుతోంది.

"ఏం పెడుతున్నరు?"

"అన్నం, రొట్టెలు, మిగిలిన కూరలు సార్."

"గందుకే కొవ్వు పట్టింది. కడుపుతోని ఉన్నన్ని దినాలు గోధుమ పొట్టు, పప్పు పొట్టు, ఆకులు, గడ్డి పెట్టుండ్రి. కడుపు నిండుతది గానీ ఒళ్లు పెరగది. ఈనుడు సులువైతది. ఈనినంక తిండి మంచిగ తింటది, పాలు మంచిగిస్తది."

పంది చూడి మూడు నెలల మూడు వారాల మూడు రోజులు. అంత లెక్కగా మా ఇంట్లో ఏదీ జరగడం ఎరగం. బాపు నన్ను బేగంబజార్‌కు తరిమాడు. పప్పుల దుకాణంలో పొట్టు బస్తా ఎత్తుతూ హమాలీ అడిగాడు.

"క్యా భాయ్, ఘోడా పాల్‌రే క్యా?"

గుర్రం కాదు భాయ్, మా ఇంట్లో ఒకావిడ కడుపుతో ఉంది, ఆవిడకు అన్నాను. బస్తా నా నెత్తిన పెట్టి, నన్నోసారి ఎగాదిగా చూసి లోపలికి పోయాడు.

పది రోజుల్లో పంది తొట్టి నమలడం మానేసింది. పొట్టు, ముల్లంగి ఆకులు తిని హాయిగా పడుకునేది. బాపు మొహంలో ఆశ లాంటిది కనిపించింది. ఆ మొహానికి అది అలవాటు లేదు, సరిగ్గా నప్పలేదు.

అమ్మకు మాత్రం నిద్ర పట్టలేదు.

"కడుపుతోని ఉన్నదానికి పొట్టు పెడ్తరా? దాని కోరిక తీర్చకపోతే పుట్టినోళ్ల చెవులల్ల చీము కారుతది."

"దాని కోరిక ఏందో నీకు చెప్పిందా అమ్మా?"

"ఆడిదాని కడుపు ఆడిదానికి ఎరుక. నీకేం తెలుసురా మొద్దు."

మర్నాటి నుంచి బాపు డ్యూటీకి వెళ్లగానే అమ్మ ఒక ముద్ద అన్నం తీసుకుని వెనక్కి వెళ్లేది. చూశాను, చెప్పలేదు. సేట్ల పెళ్లిళ్లలో వడ్డించడానికి వెళ్లినప్పుడల్లా మిగిలిన లడ్డూలు రుమాల్లో కట్టి దానికి తెస్తున్నది నేనే. చీము సంగతి నమ్మి కాదు. నమ్మనట్టు మాట్లాడిన తర్వాత భయమేసింది.

పంది రోజురోజుకీ లావెక్కింది. బాపు కంగారుపడి పొట్టు తగ్గించి, గడ్డి ఎక్కువ వేశాడు. డాక్టరు మళ్లీ వచ్చాడు.

"పొట్టే పెడుతున్నరా?"

"పొట్టే సార్," అని అమ్మా నేనూ ఒకేసారి అన్నాం. ఇంట్లో మేమిద్దరం ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్కసారే.

ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. పొద్దు గూకేదాకా ఈనుతూనే ఉంది. ఎనిమిది పిల్లలు. నాలుగు లోపలే ఊపిరాడక చచ్చి వచ్చాయి. మిగిలినవి పాలకు ఎగబడుతుంటే, అది ఆయాసపడుతూ లేవబోయి, ఆ బరువుతోనే వాటి మీద పడింది. మూడు నలిగిపోయాయి. చివరిది రెండు రోజులు బతికింది.

డాక్టరు వచ్చి పంది వీపు మీద బొటనవేలు అదిమి చూశాడు.

"ఇది పొట్టు తిన్న ఒళ్లు కాదు."

"నేనొక్క ముద్దే పెట్టిన," అని అమ్మ ఏడుపు అందుకుంది. గోడ అవతల నుంచి పక్కింటి పెద్దమ్మ తొంగిచూసి, "నేను కూడ ఒక్క ముద్దే బిడ్డా, జొన్న గటుక" అంది. ఎదురింటి అత్త కల్లు కూడా పోసిందట. గల్లీలో ఏడిళ్ల వాళ్లూ తాము తప్ప దానికి దిక్కు లేదనుకున్నారు. నేను లడ్డూల మాట చెప్పాను. బాపు నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది.

"మల్ల ఒక్కపారి చూద్దం," అని అమ్మ బతిమాలింది. "ఈపారి ముట్టుకోం. ఒట్టు."

బాపు పంది వైపు చూస్తూ అన్నాడు.

"దాని తప్పేం లేదే. మల్ల చూసినా, ఈ ఇంట్ల ఉండేది మీరే కద."

మర్నాడు పొద్దున్నే మాంసం కొట్టే అతను బండి తెచ్చాడు. ఎక్కించడానికి నలుగురం పట్టాల్సి వచ్చింది. అతను దాని తొడ మీద చెయ్యి వేసి చూసి, చాలా సంతోషపడ్డాడు.

"మస్తు మంచిగ పెంచిన్రన్నా."

బాపు చేతులు కడుక్కుని డ్యూటీకి వెళ్లిపోయాడు.