మా ఇంట్లో రైలు లేటవదు

మా ఇంట్లో తిట్లు నడుస్తాయి. మా అమ్మ తిట్టడం మొదలుపెడితే పక్క క్వార్టరులో మేం కాకీమా అని పిలిచే బెంగాలీ పిన్నికి తెలుగు ముక్క రాకపోయినా కిటికీ మూసుకుంటుంది. నడవని మాట ఒక్కటే: రైలు లేటు. మా నాన్న హౌరా దగ్గర సంత్రాగాఛిలో సిగ్నళ్ళు బాగుచేసే ఉద్యోగి. ఆయన లెక్కలో రైలు లేటవదు, దానికి దారివ్వరు. దారివ్వకపోవడానికి కారణముంటుంది. కారణమున్నదాన్ని లేటు అనకూడదు. ఇదే తర్కంతో నేను డిగ్రీ కూడా లేటుగా పాసవలేదని ఒకసారి నిరూపించబోయాను. ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు.

ఈ గొడవకు ఆరు నెలల ముందు నాకు గంగ అవతల, ఆఫీసులన్నీ ఉండే సెక్టర్ ఫైవ్‌లో ఉద్యోగం వచ్చింది. ఉంచుతారో తీసేస్తారో ఆ ఆరు నెలలూ నిండే నెలాఖరుకు తేలాలి. మా మేనేజరు హైదరాబాదు అబ్బాయి, నాకన్నా మూడేళ్ళు పెద్ద. ఒకరోజు పక్కకు పిలిచాడు.

"బ్రో, పని మంచిగ చేస్తున్నవ్. టైముకే వస్తలేవు. ఈ నెల ఇప్పటికే రెండుసార్లు పదిన్నర దాటింది. ఇంకొక్కసారి దాటిందనుకో, నేను నిన్ను కాపాడలేను."

అప్పటినుంచి నా కుడి మోకాలు దానంతటది ఊగడం మొదలుపెట్టింది. అన్నం తింటున్నా ఊగుతుంది. అది ఊగినంత వేగంగా రైలు నడిస్తే నాకీ సమస్యే ఉండేది కాదు.

ఒక సోమవారం ఉదయం చూసుకుంటే నా సీజన్ టికెట్టు ముందురోజుతో అయిపోయింది. మా ఇంట్లో పుట్టినవాళ్ళకు ఇది సహజం. నాన్న పాసు మీద పెరిగాం కాబట్టి టికెట్టనేది ఒకటుంటుందని, దానికి గడువుంటుందని ఎవరికీ తట్టదు. స్టేషన్లో టికెట్టిచ్చే మెషీను మీద ఎవరో పనిచెయ్యట్లేదని కాగితం అంటించి నెలయింది. కౌంటరు దగ్గర వరస సైకిల్ స్టాండు దాకా ఉంటుంది. అందుకని ఇంట్లోనే ఫోనులో టికెట్టు యాప్ తీశాను.

నేను పట్టాలకు మరీ దగ్గరగా ఉన్నానని, దూరం జరిగి ప్రయత్నించమని ఫోను చెప్పింది. రైలెక్కాక టీసీని చూసి టికెట్టు కొనేవాళ్ళను ఆపడానికి పెట్టిన నియమమది. పట్టాల పక్కనే కాపురముండేవాళ్ళ సంగతి పెట్టినవాళ్ళకు గుర్తు రాలేదు. వంటింట్లోకి వెళ్ళాను. దగ్గరే. పడగ్గది. దగ్గరే. స్నానాలగది. సిగ్నలే లేదు.

"ఏట్రా, ఫోను పట్టుకుని ఇల్లంతా తిరగతన్నావు?" అంది అమ్మ.

"టికెట్టు రావట్లేదమ్మా. మనం పట్టాలకి దగ్గరున్నామంట."

"ఇరవై యేళ్ళబట్టి దగ్గిరే ఉన్నాం. దానికిప్పుడు తెలిసిందేటి?"

టికెట్టు లేకుండా ఎక్కేద్దునా అనుకుంటుండగానే నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. నా మొహం చూసే ఆయనకు తెలిసిపోయింది. "టికెట్టు నేకుండా ఎక్కినావంటే నేనే టీసీకి సెప్తాను" అన్నాడు. చెప్తాడు కూడా. ఝీల్ చెరువు గట్టు దాకా నడిచి, నీళ్ళలో బాతుల ముందు నిలబడి టికెట్టు తీసుకున్నాను. ఈలోగా ఎనిమిదీ ముప్పై అయిదు బండి వెళ్ళిపోయింది. ఆ నెలలో అది వేళకు వచ్చింది ఆ ఒక్కరోజేనని తర్వాత తెలిసింది.

మేనేజరు హెచ్చరించేదాకా రోజూ ఎక్కిన తొమ్మిదీ రెండు బండే ఎక్కాను. రామరాజాతలా, దాస్‌నగర్, టికియాపాడా వరకు బుద్ధిగా వెళ్ళింది. ఇక హౌరాయే అనగా ఆగింది.

మా పెట్టెలో కిటికీ పక్కన రోజూ ఒక బెంగాలీ పెద్దాయన కూర్చుంటాడు, అందరూ దాదా అంటారు, అంటే అన్న. బడాబజార్‌లో బట్టలకొట్టు గుమాస్తా. బండి ఆగిన అయిదో నిమిషానికి ఆయన పేపరు మడిచాడు. పదో నిమిషానికి వంగి బూట్లు విప్పాడు. పెట్టెంతా నిట్టూర్చింది. ఆయన బూట్లు విప్పితే అరగంట ఖాయం. మైకులో వచ్చే ప్రకటనలకన్నా మాకు ఆ బూట్ల మీదే నమ్మకం.

నాన్నకు ఫోను చేశాను.

"నాన్నా, బండి లేటు."

"ఎక్కడున్నావు?"

"టికియాపాడా దాటి."

"లేటు కాదురా. సిగ్నల్ కాడ ఆగినాది."

"సరే, ఎప్పుడు కదుల్తుంది?"

"సిగ్నలిచ్చినప్పుడు."

ముప్పయ్యేళ్ళ అనుభవం ఊరికే పోదు.

కొందరు పట్టాల మీదకు దూకి నడవడం మొదలుపెట్టారు. నేనూ తలుపు దాకా వెళ్ళాను. కానీ అలా నడిచినవాళ్ళు ఏమయ్యారో చెప్పే కథలే చిన్నప్పుడు మా నాన్న నాకు చెప్పి నిద్రపుచ్చేవాడు. వెనక్కి వచ్చి కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. హౌరాలో మెట్రో ఎక్కితే గంగ కింద దూరి అవతల తేలడానికి నిమిషం పట్టదు. ఆ మెట్రో దగ్గరకు చేరడానికి నాకు ముప్పావుగంట పట్టింది. ఆఫీసు హాజరు మెషీను మీద వేలు పెట్టేసరికి పదీ యాభై రెండు.

మేనేజరు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. తన ఫోను నా ముందు పెట్టాడు. "నీ బండి రైట్ టైమ్ అని చూపిస్తుంది బ్రో. నేను పైవాళ్ళకు ఏమని చెప్పాలె? రేపు సాయంత్రం లోపల ఏదన్నా రుజువు తీస్కరా. లేకుంటే తీసేసేటోళ్ళ లిస్టుల నీ పేరు పంపించేస్తా."

ఇంటికొచ్చి చెప్పాను. నాన్న మొహం వెలిగిపోయింది.

"రైటు టైమని ఉందా? నాను సెప్పనేదేటి!"

అమ్మ గరిట కింద పెట్టింది. "మీ బండి టైముకే వొచ్చీసింది. మన గుంటడి ఉద్యోగమే పట్టాల మీద ఉండిపోనాది."

ఆయన లేచి లోపలికి వెళ్ళాడు. తర్వాత ఒక తెల్లకాగితం తెచ్చుకుని స్కేలుతో గీతలు గీశాడు. రెండు పట్టాలు, నాలుగు సిగ్నళ్ళు, ఒక బాణం.

"రేపు నాకు రెస్టు. నేనొచ్చి మీ సారుకి సెప్తాను."

"లేటయిందని చెప్తావా?"

"సిగ్నల్ ఎలాగ పనిసేస్తాదో సెప్తాను."

నా ఉద్యోగం ఇక ఒక బొమ్మ మీద ఆధారపడి ఉంది.

మర్నాడు ఎనిమిదీ ముప్పై అయిదు బండికే పోదామని బతిమాలాను. "తొమ్మిదీ రెండు సాలు. పదింపావు లోపే నీ ఆఫీసులో ఉంటాం. టైంటేబుల్లో రాసుంది" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆఫీసు వేళ లోకల్ ఎక్కిందే లేదు. పట్టాల పక్కన నడిచి డ్యూటీకి వెళ్ళే మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితం జేబులో పెట్టుకుని ఎక్కాడు. పెళ్ళిచూపులకు వెళ్తున్నట్టుంది. చూసేది మా మేనేజరు.

బండి నిన్నటి చోటే ఆగింది.

కిటికీ దాదా బెంగాలీలో గట్టిగానే అన్నాడు, "సిగ్నల్ వాళ్ళు ఇంట్లో లూచీ పూరీలు తింటున్నట్టున్నారు."

"నాన్నా, నీ గురించే" అన్నాను మెల్లగా.

నాన్న వంగి, తన బెంగాలీలో మర్యాదగా చెప్పాడు. "దాదా, ఎర్ర లైటుందంటే ముందు దారి ఖాళీ లేదని అర్థం."

"నాకూ పాతికేళ్ళుగా ఖాళీ లేదు దాదా. నా కోసం ఎవరాగారు?" అంటూ ఆయన బూట్లు విప్పాడు.

"ఆయనెందుకురా బూట్లిప్పతన్నాడు?"

"అరగంట అని అర్థం."

నాన్న వాచీ చూసుకున్నాడు. బయటకు తొంగి ఎర్రలైటు చూశాడు. మళ్ళీ వాచీ. కాసేపటికి ఆయన కుడి మోకాలు ఊగడం చూశాను. మా వంశంలో ఇది నాతో మొదలైందనుకున్నాను.

హౌరాలో ఇంకో చిక్కొచ్చింది. మెట్రో గేటు దగ్గర నాన్న తన రైల్వే పాసు తీసి చూపించాడు. ఇక్కడ చెల్లదని కాపలా మనిషి చెప్పాడు. "ఇదీ పట్టాల మీదే కదా నడుస్తాది?" అని నాన్న నిజంగానే అడిగాడు. టికెట్టు కొనడానికి వరసలో నిలబెట్టాను. ముందున్నవాళ్ళు ఏం చేస్తున్నారో మెడ సాచి చూస్తూ నిలబడ్డాడు, కొత్త బళ్ళో వేసిన పిల్లాడిలా. నేను అరిచేద్దామనుకుని ఊరుకున్నాను. ఆఫీసు చేరేసరికి పదీ యాభై అయిదు. లేటయిందని నమ్మించడానికి లేటుగా వచ్చాం.

మేనేజరు లేచి నిలబడ్డాడు. "కూసోండి అంకుల్."

నాన్న కూర్చోకుండానే కాగితం బల్ల మీద పరిచి మొదలుపెట్టాడు. "ఇది హోమ్ సిగ్నల్ బాబూ. ఇక్కడ దారి ఒకటే. లోపల్నుంచి బండి బయటకొస్తే గాని…"

మేనేజరు ఓపిగ్గానే విన్నాడు. రెండో సిగ్నల్ దగ్గర చెయ్యెత్తాడు. "అంకుల్, ఇయన్నీ నాకు సమజ్ కావు. పైవాళ్ళకు నేను ఒక్క లైను రాయాలె. బండి లేటా, కాదా?"

నాన్న బాణం గుర్తు మీద వేలు తీయలేదు. నావైపు చూశాడు. ఈ మాట ఆయన నోట వచ్చిన రోజు వీధిలో రసగుల్లాలు పంచుతానని చిన్నప్పటినుంచి అంటూనే ఉన్నాను.

"లేటే బాబూ" అన్నాడు. "నిన్న ముప్పావుగంట. ఇయ్యాల నలభై నిమిషాలు. మావోడి తప్పు నేదు."

మంచినీళ్ళు తెస్తానని బయటకు వచ్చేశాను. ఎవరూ అడగలేదు.

నేను తిరిగొచ్చేసరికి మేనేజరు టైపు చేస్తున్నాడు. తండ్రి రైల్వే ఉద్యోగి, స్వయంగా వచ్చి చెప్పారు అని రాశాడు. ఆ ఒక్క లైను సరిపోయింది. నెలాఖరుకు నా ఉద్యోగం నిలబడింది. ఆ రెండు రోజులకూ చెరొక సగంరోజు సెలవు మాత్రం కోశారు.

నాన్నను కింద దింపి రావడానికి లిఫ్టెక్కాను. తలుపు మూసుకోగానే ఆయన, "ముప్పై ఎనిమిదేరా" అన్నాడు.

"ఏంటి?"

"ఇయ్యాల. ఆగినకాడ్నుంచి కదిలేదాకా వాచీ సూసినాను. ముప్పై ఎనిమిది. నలభై అని సెప్పీసినాను."

"రెండు నిమిషాలే కదా నాన్నా."

"రెండు నిమిషాలంటే ఏటనుకున్నావు? రెండు నిమిషాల్లో ఒక బండి ఎల్లిపోద్ది." పైకెళ్ళి సరిచేసి వస్తానని బటన్ వైపు చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి పట్టుకున్నాను. కిందికి చేరేదాకా వదల్లేదు.