అరిగిన స్ప్రింగు

నజ్రాన్ నుంచి రియాద్ వెళ్లే బస్సులో నా పక్కన కడప మనిషి ఒకాయన కూర్చున్నాడు. ఒక సెక్యూరిటీ కంపెనీలో తుపాకులు బాగుచేసేవాడట.

"పిస్తోలు తూటాలతో కాల్చే కార్బైన్, పొట్టి తుపాకి అన్నా. బ్యారెల్, బోల్టు, మ్యాగజైన్ దేనికది ఊడదీసి మార్చొచ్చు. తూటా వెనక మూసుకునేది బోల్టు. పేలేటప్పుడు దాన్ని పట్టి ఉంచేది దాని బరువూ, వెనక స్ప్రింగూ. స్ప్రింగు అరిగింది, మార్చండని మూడుసార్లు రాసిచ్చినా. మార్చల్యా. బోల్టు ముందే వెనక్కి పోయి, తూటా గుల్ల పగిలి నేపాలీ గార్డు కన్ను పాయె."

"కంపెనీ ఏమంది?"

"వాడే తుపాకి తుడవలేదని రాసి, నన్ను సంతకం పెట్టమన్యారు. దినామూ నా ముందరే తుడిచేటోడు అన్నా! పెట్టనన్యా. వీసాకు ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తాండారు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కంపెనీని నోటికొచ్చినట్టు తిట్టాను.

రియాద్‌లో నేను లిఫ్టులు తనిఖీ చేస్తాను. మర్నాడు మేనేజరు ఎప్పటిలాగే లిఫ్టు బాగుందన్న కాగితాలిచ్చి సంతకం చేయమంటే, ముందు లిఫ్టు చూసొస్తానన్నాను.