మా మేనత్త లాకు పట్టకారు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నం కంటే ఎక్కువసార్లు వడ్డించిన మాట ఒకటుంది: పట్టువిడుపులుండాలి. మా నాన్న అనేవాడు, పక్క తోట పెద్దాయన అనేవాడు, పెళ్లికి వచ్చిన చుట్టాలు కూడా విస్తరి ముందు కూర్చుని అనేవాళ్లు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆ మాట ఎప్పుడూ మాకే చెప్పేవాళ్లు. మా బాబాయికి ఒక్కరు చెప్పగా నేను వినలేదు. పట్టు ఆయనది, విడుపు మాది. వయసు పైబడితే కోపం చల్లారుతుందంటారు గానీ, ఆ రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది నూజివీడుకూ విస్సన్నపేటకూ మధ్య, మామిడి తోటల్లో కలిసిపోయిన ఊరు. తాతయ్య పోయాక తోట రెండు ముక్కలైంది, నాన్నకొకటి, బాబాయికొకటి. బావీ మోటారూ మాత్రం ఉమ్మడిగా ఉండిపోయాయి. బావి దగ్గర నుంచి వచ్చే ఇనుప గొట్టం ఒకచోట రెండుగా చీలి, ఒకటి మా వైపుకూ ఒకటి వాళ్ల వైపుకూ పోయేది. రెండింటికీ చెరొక వాల్వు, వాల్వు మీద చెరొక ఇనుప చక్రం. ఒకరోజు మా వంతు, మర్నాడు వాళ్ల వంతు. మన వంతు రోజున మన చక్రం తిప్పి నీళ్లు వదులుకోవాలి, రెండో చక్రం కట్టెయ్యాలి. ఇంత తేలికైన ఏర్పాటు కూడా చెడగొట్టవచ్చని మా బాబాయి వల్లే తెలిసింది.

రోడ్డు పక్కన ఉన్న ముక్క మా భాగానికి వచ్చింది. అది తనకు వదిలేసి, బదులుగా లోపలి వైపు ముక్క తీసుకోమని బాబాయి పట్టుబట్టాడు. అమ్మ ఒప్పుకోలేదు. అక్కడ అమ్మ నాటిన అంటు మొక్కలున్నాయి. వాటి సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా తోటలో ఒక ముసలి రసం చెట్టు ఉండేది. కాయ చిన్నది, తొడిమ దగ్గర ఎర్రటి జీర, పిండుకుని తింటే రసం మోచేతి దాకా కారేది. అలాంటి కాయ చుట్టుపక్కల ఏ తోటలోనూ లేదు. అంతకు ముందు ఏడు తొలకరి గాలివానకు ఆ చెట్టు వేళ్లతో సహా పడిపోయింది. అన్నదమ్ములిద్దరూ కలప ఎవరిదని మాట్లాడుకుంటుంటే, అమ్మ పడిన కొమ్మల మీదికెక్కి పుల్లలు కోసి, తడిగుడ్డలో చుట్టి తెచ్చి, టెంక మొలకల మీద అంటు కట్టింది. చాలావరకు చచ్చిపోయాయి. బతికిన కొద్ది మొక్కలనూ రోడ్డు పక్క ముక్కలో నాటింది. అవి కూడా ఎండిపోతే ఆ కాయ ఇక ఎక్కడా ఉండదు.

ఆ మొక్కలకు అది మొదటి ఎండాకాలం. రోహిణి కార్తె ఎండలు. ఒక పొద్దున మా వంతుకని వెళ్లేసరికి మా వాల్వు కట్టేసి ఉంది, పైన చక్రం లేదు. చక్రం కూర్చునే చోట నలుపలకల ఇనుప కడ్డీ ఒకటి బొటనవేలంత పైకి పొడుచుకుని ఉంది, అంతే. బాబాయి నట్టు విప్పి చక్రం సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకుపోయాడు. దొంగచాటుగా కూడా కాదు. నాన్న వెళ్లి అడిగితే, రోడ్డు పక్క ముక్క సంగతి తేలాక ఇస్తానని చెప్పి పంపించాడు.

నాన్న పక్క తోట పెద్దాయన దగ్గరికి వెళ్లాడు. అన్నదమ్ములన్నాక పట్టువిడుపులుండాలి, కోతలయ్యాక కూర్చుని మాట్లాడదాం అన్నాడాయన. కోతలయ్యే దాకా మొక్కలు కూడా కూర్చుని ఉంటాయా అని అడగడానికి నాన్నకు నోరు రాలేదు. పోనీ నూజివీడు వెళ్లి కొత్త చక్రం తెమ్మని అమ్మ అంటే, ఇనప కొట్టువాడు పాతదేమైందని అడుగుతాడు, ఇంటి గుట్టు బజారున పడుతుందని సందేహించాడు. గుట్టు కాపాడుకుంటూ ఆయన అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ పెరటి బావిలో నీళ్లు తోడి బిందెలతో తోటకు మోసింది. నేనూ మోశాను. పోసిన నీళ్లు పోసినట్టే నేల తాగేసేది, ఆకులు మాత్రం ముడుచుకుపోతూనే ఉన్నాయి.

ఒకనాడు ఉండబట్టలేక నాన్న కటింగ్ ప్లయరు తీసుకుని వాల్వు మీద పడ్డాను. గట్టిగా నొక్కి పట్టుకుంటే తిప్పడానికి బలం మిగలలేదు. తిప్పబోతే నొక్కు సడలి ప్లయరు జారింది. బాబాయిని తిట్టుకుంటూ మళ్లీ నొక్కాను, మళ్లీ జారింది. చివరికి అరచేతి తోలు లేచిపోయింది. అక్కడే కూర్చుని ఏడ్చాను. నొప్పికి కాదు, కోపానికి.

ఆ రోజే మా మేనత్త ఆవకాయ కాయల కోసం విస్సన్నపేట నుంచి వచ్చింది. నాన్నకూ బాబాయికీ పెద్దక్క ఆమె. మామయ్య మామిడికాయల లోడు వేసుకుని ఉత్తరాది ఊళ్లకు వెళ్లే లారీ డ్రైవరు. నా చేతి కట్టు చూసి ఏమైందని అడిగితే ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాను. ఆమె నాతో బావి దాకా వచ్చింది, ఆ ఇనుప కడ్డీని వేళ్లతో తడిమి చూసింది, వెనక్కి తిరిగింది. కాయలు కూడా తీసుకోకుండా సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయింది. ఇద్దరూ తమ్ముళ్లే కదా, ఎవరినీ ఏమీ అనకుండా తప్పుకుందని అనుకున్నాను. లోకంలో పెద్దవాళ్లంతా ఒకటేనని ఆమె మీద కూడా పళ్లు నూరుకున్నాను.

మర్నాడు బాబాయి వంతు, ఆమె రాలేదు. ఆ మర్నాడు మా వంతు. పొద్దున మొదటి బస్సుకే చేతిసంచితో దిగింది. కాఫీ కూడా తాగకుండా నన్ను బావి దగ్గరికి రమ్మంది.

నాన్నకు చెప్పొద్దా అత్తా అన్నాను.

“చెబితే ఆలోచిస్తాడే” అంది.

సంచిలోంచి ఆమె తీసినది చూడ్డానికి పట్టకారులాగే ఉంది గానీ, పట్టకారుకు లేనివి రెండున్నాయి. ఒక పిడి చివర వేళ్లతో తిప్పే మర. రెండో పిడి లోపలి వైపున చిన్న ఇనుప నాలుక. మామయ్య ఉత్తరాదిలో ఎక్కడో కొన్న సామాను అది, లారీ పెట్టెలో ఉండేది. బజారులో లాక్ ప్లయరు అంటారని తర్వాత తెలిసింది. మేనత్త లాకు పట్టకారు అనేది. మామయ్య ఇంట్లో ఉన్న రోజుల్లో దాంతో పొయ్యి మీది గిన్నెలు కూడా దించేదట.

నేను ఆమె చేతిలోంచి లాక్కున్నంత పని చేసి, దవడలు కడ్డీకి తగిలించి పళ్ల బిగువున నొక్కాను. పిడులు తేలిగ్గా మూసుకున్నాయి. తిప్పాను. అది గిర్రున జారి నా మోకాలికి తగిలింది. మళ్లీ నొక్కబోతే మేనత్త నా మణికట్టు పట్టుకుని ఆపింది.

“కోపం చేతిలో పెట్టకే. చెయ్యి అలిసిపోద్ది. మరలో పెట్టు.”

అప్పుడు చూపించింది. ఆ మర తిప్పుతుంటే దవడల మధ్య సందు తగ్గుతూ వస్తుంది. పట్టుకోబోయే వస్తువు ఎంత లావుందో దాన్నిబట్టి ముందే సందు కుదుర్చుకోవాలి. మరీ వదులుగా ఉంటే పిడులు హాయిగా మూసుకుంటాయి గానీ పట్టు ఉండదు. మరీ బిగిస్తే అసలు మూసుకోవు. కాస్త మొండికేస్తూ మూతపడేటట్టు కుదిరిందంటే, టక్కుమని ఒక చప్పుడు వస్తుంది. అక్కడితో లోపలి కీలు తనంతట తాను బిగుసుకుపోతుంది. ఆ తర్వాత నొక్కి పట్టుకోనక్కర్లేదు, చెయ్యి తీసేసినా అది వదలదు. ఇక బలమంతా తిప్పడానికే. నన్ను మర కొద్దికొద్దిగా తిప్పుతూ, నొక్కి చూస్తూ, మళ్లీ తిప్పమంది. నాకు ఓపిక లేదు. అయినా ఆమె పక్కన నిలబడి ఉండగా తప్పలేదు. చివరికి టక్కుమంది. కడ్డీకి అడ్డంగా పట్టకారు బిగుసుకుని నిలబడింది, పోయిన చక్రానికి బదులు ఒక పిడి మొలిచింది. ఇద్దరం కలిసి లాగితే కిర్రుమంటూ తిరిగింది. మేనత్త వెళ్లి వాళ్ల చక్రం కట్టేసి మోటారు వేసింది. గొట్టం గుడగుడమని దగ్గి, అమ్మ మొక్కల వైపు నీళ్లు పరుగెత్తాయి.

నా కోపానికి అది సరిపోలేదు. బాబాయి చక్రం కూడా ఊడదీసి బావిలో పడేద్దామన్నాను. మేనత్త నా వైపు తిరిగి కూడా చూడలేదు. “వాడి చెట్లు నిన్నేమన్నాయే” అని, వాల్వు పక్కన గట్టు మీద కూర్చుని, దారిలో రాలిన పచ్చి కాయ ఒకటి కొరుక్కుంటూ ఉండిపోయింది.

మోటారు చప్పుడుకు బాబాయి వచ్చాడు. వాల్వు మీద పట్టకారు చూసి ముఖం మాడ్చుకున్నాడు. ముందు దాన్ని ఊడదియ్యడానికి పిడులు నొక్కాడు, రాలేదు. ఎడంగా లాగాడు, రాలేదు. పట్టుకుని ఊపాడు. రాయితో కొడదామని చెయ్యెత్తి దించేశాడు, ఎందుకంటే గొట్టం పగిలితే తన వైపు నీళ్లు కూడా పోతాయి. ఆ మనిషి చెమటలు కక్కుతుంటే నాకు ఎంత సంతోషం వేసిందో దాచను. ఈలోగా నాన్నా అమ్మా వచ్చారు, పక్క తోట పెద్దాయనా వచ్చాడు. ఇంత రచ్చ అవసరమా అక్కా అని నాన్న గొణిగాడు. ఎండుతున్న మొక్కల ముందు నిలబడి అన్నాడు ఆ మాట.

పెద్దాయన అలవాటైన ధోరణిలో అందుకున్నాడు. “ఆడపడుచువి, నువ్వే ఇట్టా చేస్తే ఎట్టాగమ్మా. పట్టువిడుపులుండాలి. తీసెయ్యి.”

మేనత్త కాయ పక్కన పెట్టి లేచింది. గొంతు పెంచలేదు గానీ ముక్కుపుటాలు అదిరాయి. ఆమె కూడా మండుతూనే ఉందని నాకు అప్పుడు తెలిసింది.

“వాడు చక్రం పట్టుకుపోయిన రోజున ఈ మాట వాడితో అన్నారాండీ?” అంది. పట్టకారు మీద చెయ్యి వేసింది. “దీనికి పట్టూ ఉంది, విడుపూ ఉంది. రెండూ పట్టుకున్నవాళ్ల చేతి కిందే ఉంటాయి. ఎదుటివాడు పీకితే రాదు. ఒరేయ్ తమ్ముడూ, చక్రం తీసుకొచ్చి ఇక్కడ పెట్టు. ఎట్టా ఊడుద్దో అప్పుడు చూపిస్తా.”

ఆమె మళ్లీ కూర్చుంది. బాబాయి కాసేపు అటూ ఇటూ చూశాడు. ఆ పట్టకారు అక్కడ ఉన్నంతకాలం మాకు నీళ్లు పారతాయి, దారినపోయే ప్రతివాడూ అదేంటని అడుగుతాడు, ఎందుకు పెట్టారని అడుగుతాడు. ఇంట్లో దాచిన చక్రం ఇక ఉత్త ఇనుప ముక్క. ఆయన విసవిసా వెళ్లి, చక్రం తువ్వాల్లో చుట్టి తెచ్చి, మేనత్త కాళ్ల దగ్గర కుదేశాడు. నట్టు కూడా అందామె. జేబులోంచి నట్టు తీశాడు.

అప్పుడు మేనత్త నన్ను పిలిచి, నువ్వు తియ్యమంది. తోలు లేచిన ఆ చేత్తోనే పిడి పట్టుకుని, వేలికి తగిలిన చిన్న నాలుకను నొక్కాను. టక్కుమని దవడలు విచ్చుకుని పట్టకారు నా చేతిలోకి వచ్చేసింది. నిలువెత్తు మనిషి గుంజితే రానిది, పిల్లదాని వేలికి వచ్చింది. చక్రం బాబాయి చేతనే బిగింపజేసింది మేనత్త.

ఆ మొక్కలు బతికాయి. బాబాయి మాత్రం పోయేదాకా నాతో సరిగా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు, అందుకు నాకు విచారం లేదు. నా పెళ్లికి మేనత్త అందరిలాగే చీర పెట్టింది. ఇంటికెళ్లి మడత విప్పితే లోపల లాకు పట్టకారు ఉంది.

రోడ్డు పక్క ముక్కను అమ్మ నాకే ఇచ్చింది. ఆ అంటు మొక్కలు ఇప్పుడు మానులు. తొడిమ దగ్గర ఎర్రటి జీర ఉన్న కాయ ఈ ఏడు కూడా కాసింది. దాన్ని కోసి బయటికి తేవడానికే ఈ ఏడు దారి లేదు. రోడ్డు వెంట లోతు కాలవ తవ్వినప్పటి నుంచి మా బండి పక్క ముక్కలోని దారినే తిరుగుతోంది. ఆ ముక్క కొన్నవాళ్లు ఆ దారికి అడ్డంగా ముళ్ల తీగ కంచె వేశారు. అది వేసినప్పుడు ఒక్కరూ నోరు మెదపలేదు. నేను కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టాక, నిన్న నలుగురు పెద్దమనుషులు వచ్చి నా వరండాలో కూర్చున్నారు. ఈ వయసులో ఎందుకండీ పంతాలు, పట్టువిడుపులుండాలి కదా అన్నారు.

ఒకప్పుడైతే అరిచేదాన్ని, చెయ్యి అలిసిపోయేది. ఇప్పుడు అరవను. ఆఫీసులో అర్జీ పెట్టి, మర ఎంత తిప్పాలో అంతే తిప్పి పెట్టుకున్నాను. వాళ్లకు టీ ఇచ్చి, విడుపు నా వేలి కిందే ఉందని, కంచె తీసిన రోజున నొక్కుతానని చెప్పి పంపించాను.