మస్కట్‌కు పంపిన వీడియో

2011లో దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో నాకు వీడియో మిక్సింగ్ షాపు ఉండేది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం, పెద్ద ఫైళ్లను కుదించడం నా పని. కుదించడానికి కంప్యూటర్లో ఒక సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. ఫైలు ఎన్ని ఎంబీల్లో రావాలో చెబితే, దానికి తగ్గ బిట్‌రేట్ అదే లెక్కేసుకునేది. బిట్‌రేట్ అంటే ఒక్కో సెకను వీడియోకు దక్కే డేటా. అది మరీ తగ్గితే మనుషుల ముఖాలు గళ్లుగళ్లుగా చెదిరిపోతాయి.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. ఎల్‌బీ నగర్ నుంచి సుబ్బారావు గారనే గుంటూరు వైపు పెద్దమనిషి, తన ఇంట్లో కిరాయికి ఉండే యాదమ్మను వెంటబెట్టుకుని వచ్చారు. ఆమెది నల్గొండ దగ్గర పల్లె. భర్త మల్లయ్య మస్కట్‌లో కూలి. ఒక్కడే కొడుకు, నరేశ్, ఇంటర్ చదివేవాడు. బంద్ రోజున కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే ఆటోలో తీసుకుపోయారు. రాస్తారోకోతో దారి మూసుకుపోయింది. సందులన్నీ తిరిగి దవాఖానకు చేరేసరికి అపెండిక్స్ పగిలిపోయింది. మర్నాడు పోయాడు.

మొన్నటిదాకా నరేశ్ కూడా ఆ రోడ్డు మీదే జెండా పట్టుకుని కూర్చునేవాడని యాదమ్మ చెప్పింది. ఎవరినీ తిట్టలేదు.

మల్లయ్యను అక్కడి యజమాని ఇంటికి పంపలేదు. అందుకే సుబ్బారావు గారు తన హ్యాండీక్యామ్‌తో అంత్యక్రియలు తీశారు. దాన్ని అక్కడి తోటి కూలి మెయిల్‌కు పంపాలి. పాతిక ఎంబీ దాటితే మెయిల్ పోదు. మొత్తం వీడియో అందులో పట్టించి చూస్తే నరేశ్ ముఖం ఆనవాలు దొరకలేదు.

"కొంత కట్ చేయాలక్కా" అన్నాను.

ఏది తీసేయాలో చెప్పడానికి ఆమె నా పక్కన కుర్చీలో కూర్చుంది. డప్పులు తీసేయమంది. దారి పొడుగూతా నడిచిన జనాన్ని తీసేయమంది. పిల్లవాడికి స్నానం చేయించిన చోట మాత్రం నా చెయ్యి పట్టుకుని ఆపింది. అయినా సైజు ఇంకా ఎక్కువే ఉంది. అప్పుడు ఆమే అంది:

"నా ఏడ్పు తీసెయ్యి తమ్మీ. ఆయన ఆడ ఒక్కడే ఉంటడు. అది ఇంటె ఆగమైతడు."

సౌండ్ మొత్తం తీసేశాను. ఆ మిగిలిన డేటాతో ముఖం తేటపడింది. కళ్లు మూసుకున్న కొడుకును తెర మీద చూసి, ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

రెండు రోజులకు మల్లయ్య షాపుకు ఫోన్ చేశాడు. వీడియో అందిందట.

"తమ్మీ, మా ఇంట్ల ఎవ్వరు ఏడ్వలేదా?"

మల్లయ్య అడిగింది చెప్పి యాదమ్మకు కబురు పెడితే సుబ్బారావు గారే వచ్చారు. "ఆవిడ సరేనందండీ. ఏడుపు పెట్టేయండి" అన్నారు.

సౌండ్‌తో మళ్లీ కుదించి పంపాను. ముఖం ఈసారి మసకబారింది. మల్లయ్య దాన్ని తన ఫోన్లో ఎక్కించుకున్నాడని, పనికి పోయేముందు తెర చూడకుండా ఫోన్ చెవికి ఆనించుకుని వింటాడని తర్వాత సుబ్బారావు గారు చెప్పారు.

బొమ్మ తేటగా ఉంటే పని బాగా చేసినట్టేనని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా ఫైలు తెచ్చి చిన్నది చేయమంటే, ఎన్ని ఎంబీలని కాదు, ఎవరు చూస్తారని ముందు అడుగుతాను.