నోరు విప్పవద్దని చెప్పాను

పట్టాలంలో ఫిరంగుల దగ్గర పనిచేసి వచ్చినవాడి చెవులు బాగుంటాయని ఆశించకూడదు. నాకు కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం మిగిలింది. పదవీ విరమణ తర్వాత పట్టుదలగా బి.ఇడి. చేశాను గానీ, వినపడని పంతులు ఎవరికి కావాలి? అలాంటి రోజుల్లో, సూరత్‌లో తెలుగు పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి కావాలని కబురొచ్చింది.

మొదటిరోజు తరగతిలో ఆశ్చర్యపోయాను. పిల్లల మాటలన్నీ నాకు అర్థమయ్యాయి. వాళ్ళంతా సాంచెలు నడిపేవాళ్ళ పిల్లలు. ఆ మరమగ్గాల మోతలో గొంతుకు పనిలేదు. ఎదుటి మనిషి ముఖంలోకి చూస్తూ, పెదవులు బాగా విప్పి, చేతులు ఆడిస్తూ మాట్లాడటం కారఖానాలో అలవాటై ఇంటికీ వస్తుంది. నా కోసమే దేవుడు ఆ బడిని సిద్ధం చేసి ఉంచాడని ఇప్పటికీ నమ్ముతాను.

అక్కడ మేముండే కోసాడ్ క్వార్టర్లలో మా పక్కింటాయన కూడా సాంచెలు నడిపి చెవులు పోగొట్టుకున్నవాడే. శనివారం భజనలో డోలక్ ఆయనది, పురాణం చెప్పడం నాది. ఆయన మార్కండేయుడి పటానికి వీపుపెట్టి, నా నోటికేసి చూస్తూ కూర్చునేవాడు.

"ఏందన్నా, దేవుణ్ణి ఇడిచిపెట్టి ఫౌజీ సారుకు మొక్కుతున్నవ్?" అని ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

"దేవుడు పెదవులు కదపడు గదమ్మా! సారు కదుపుతడు," అనేవాడు. తర్వాత నావైపు తిరిగి, "నీ చెవులు ఫిరంగులు తిన్నయ్, నా చెవులు సాంచెలు తిన్నయ్. ఇద్దరియి గలిపినా ఒక్క చెవి గాదు సారూ."

కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు ఆయన్ని ఆసుపత్రిలో చేర్చారు. ఇంటివాళ్ళనెవరినీ లోపలికి రానివ్వలేదు. ఒక మధ్యాహ్నం ఆయన భార్య ఫోను పట్టుకుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. వీడియోలో నర్సు కోపంగా ఏదో అంటోంది. ముఖానికి మాస్కు ఉండటంతో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఆక్సిజన్ మాస్కు ఊకె పీకేస్తున్నడట అన్నా. గిట్లనే జేస్తె చేతులు కట్టేస్తమంటున్నది. నువ్వు జెప్తె ఇంటడు, జర జెప్పు."

అక్కడి వాళ్ళకు తెలియనిది నాకు తెలిసింది. ఎవరు పలకరించినా నోరు చూపించి జవాబివ్వడమే ఆయనెరిగిన మర్యాద. నర్సు వచ్చి ఏదో అడుగుతున్నట్టు కనిపించినప్పుడల్లా మాస్కు తీస్తున్నాడు. తీసినప్పుడల్లా ఆక్సిజన్ పడిపోతోంది.

నర్సు ఫోను ఆయన వైపు తిప్పింది. నన్ను చూడగానే చెయ్యి మాస్కు మీదికి వెళ్ళింది. సాంచె ఆపమని కారఖానాలో చూపినట్టు నేను అరచెయ్యి అడ్డంపెట్టాను. పెదవులు విప్పి నెమ్మదిగా చెప్పాను: "తియ్యకు. మాట్లాడకు. ఇంటికొచ్చినంక చెప్పు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ చెయ్యి లేచింది.

"ఏదో జెప్పాల్నని ఉన్నది పాపం. ఒక్కపారి చెప్పనియ్యరాదన్నా," అంది ఆమె, నా మోచెయ్యి పట్టుకుని.

నేను చెప్పనివ్వలేదు. మనిషి బతకాలన్నదొక్కటే నా మనసులో ఉంది. పట్టాలంలో కొత్త జవాన్ల ముందు నిలబడ్డట్టు ముఖం గట్టిగా చేసి, వేలు చూపించి హుకుం ఇచ్చాను. ఆయన చెయ్యి దించాడు. మాస్కు లోపల పెదవులు కదులుతున్నట్టే ఉంది. ఆవిరి కమ్మేసింది. ఏమీ కనపడలేదు.

ఆ తర్వాత ఆయన మాస్కు తీయలేదట. మాట వింటున్నాడని నర్సు సంతోషంగా చెప్పింది. అయినా దక్కలేదు. తాపీ నది ఒడ్డున, ముఖం కూడా కనపడకుండా చుట్టిన ఆయన్ని దూరం నుంచే సాగనంపాం.

బడి తెరిచాక పిల్లలు మాస్కులతో వచ్చారు. నాకు అర్థం కాదని తెలుసు గనక జవాబు చెప్పేముందు మాస్కు కిందికి లాగేవాళ్ళు. ఆ చిన్న చేతులు ముఖం మీదికి వెళ్ళేసరికి నా అరచెయ్యి దానంతటదే అడ్డంగా లేచేది. పిల్లలు చేతులు దించేసేవాళ్ళు. నేను నల్లబల్ల వైపు తిరిగి ఆ జవాబు నేనే రాసేసేవాణ్ణి.

భజన మళ్ళీ మొదలుపెట్టిన శనివారం ఆయన భార్య అందరూ వెళ్ళేదాకా కూర్చుంది.

"పాణం పొయ్యేటప్పుడు నోట్ల నామం ఉండాలె, ఉంటెనే గతి అని నువ్వే జెప్తవు గదన్నా. ఆయన నామమే అనబోయిండా ఆ పొద్దు? నువ్వు పెదవులు సదువుతవు గద."

అవునంటే ఆమె ఆ రాత్రి నిద్రపోయేది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ దేవుడి పేరు మీద, దేవుడి ముందు కూర్చుని, చూడనిది చూశానని ఎలా అనగలను?

"తెల్వదు చెల్లె. ఆవిరి కమ్మింది. దేవునికి కనవడకుంట ఉండదు."

"దేవునికి కనవడితె నాకేంది?" అంది. లేచి చెప్పులు వేసుకుంటూ, "అబద్ధమన్నా జెప్పకపోతివి," అంది.

ఇప్పుడామె భజనకు రాదు. అటూఇటూ పోతూ ఆమె గుమ్మం దాటాల్సిందే నేను. నాలో నామం నడుస్తూనే ఉంటుంది, పెదవులు కదులుతూనే ఉంటాయి. ఆమె బయట కూర్చుని ఉంటే మాత్రం పెదవులు బిగబట్టుకుంటాను.