నాయనమ్మ పేరు మీద మైసూరు

మా మేనత్త మైసూరు చూడాలని మనసుపడటమే నేరమైపోయింది. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో మా వంటింటి గోడకి మైసూరు ప్యాలెస్ బొమ్మ ఉన్న క్యాలెండరు ఒకటి వేలాడేది. ఏడాది దాటిపోయినా దాన్ని తియ్యనిచ్చేది కాదు. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే, శ్రీకాకుళం వైపు నుంచి తమ్ముడి దగ్గరికి, అంటే మా నాన్న దగ్గరికి వచ్చేసింది. అప్పట్నుంచి మా ఇంటి చాకిరీ అంతా ఆవిడదే. పక్కనున్న రతన్‌పూర్ గుడికి తప్ప మరెక్కడికీ వెళ్ళి ఎరగదు.

నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. ఏడాదికోసారి ఇంటిల్లిపాదికీ రైలు పాసు వచ్చేది. అందులో అమ్మ పేరు, నా పేరు, నాయనమ్మ పేరు ఉండేవి. నాయనమ్మ పోయి అప్పటికి మూడేళ్ళు. ఆ సంగతి నాన్న ఆఫీసులో చెప్పలేదు. మా క్వార్టర్ల లైన్లో చాలా ఇళ్ళల్లో ఇంతే, పోయినవాళ్ళు పాసుల మీద బతికే ఉండేవారు. వాళ్ళ పేరున చుట్టాలు ఊళ్ళు తిరిగొచ్చేవారు. అర్జీ పెట్టుకుంటే అత్త పేరు కూడా ఎక్కించేవారట. ఇన్నేళ్ళు ఆవిడ చేతి కూడు తిన్న మనిషికి, ఆ కాగితం రాయడానికి మాత్రం తీరిక దొరకలేదు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

అలా అత్త మా నాయనమ్మయి రైలెక్కింది. బయల్దేరే ముందు నాన్న వాళ్ళ అప్పకి, అంటే అక్కకి, పాఠం చెప్పినట్టు చెప్పాడు.

"టికెట్ కలెక్టరు పేరడిగితే ఏటి సెప్తావప్పా?"

"అమ్మ పేరే సెప్తాన్లేరా. నిన్ను నాను కన్నానంటే నమ్ముతాడేటి?" అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడ అంతలా నవ్వగా నేను అదే చూడటం.

నమ్మారు. చాకిరీతో ముందే ముసలిదైపోయింది కదా, దారిలో ఎవరికీ అనుమానం రాలేదు.

మైసూరు చేరిన సాయంత్రమే ప్యాలెస్ గేటు దగ్గరికి తీసుకెళ్ళాం. ఇనప ఊచలు పట్టుకుని చాలాసేపు నిలబడింది. "బొమ్మలో ఇంతుందనుకోనేదే, అమ్మలూ!" అంది నాతో. మర్నాడు చాముండి కొండ ఎక్కాలి. తెల్లవారేసరికి సత్రంలో అత్తకి వాంతులు, విరేచనాలు. మధ్యాహ్నానికి కళ్ళు గుంటలు పడిపోయాయి. అమ్మని సామాను దగ్గర ఉంచి, నాన్నా నేనూ అత్తని జట్కాలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం.

అక్కడి గుమస్తా పేరు, ఊరు, ఉద్యోగం అన్నీ అడిగాడు. కలరా కేసయితే మీ ఆఫీసుకి కూడా రాస్తామన్నాడు. పాసు సంగతి బయటపడితే ఉద్యోగం పోతుందని నాన్న భయపడ్డాడు. పాసు తీసి చూపించి, "మా అమ్మండీ" అన్నాడు.

రెండు రోజులు నర్సులు అత్తని నాయనమ్మ పేరుతోనే పిలిచారు. మొదట్లో పలికింది. తర్వాత మొహం తిప్పేసుకునేది. రెండో రోజు పొద్దున్న నాన్న మణికట్టు పట్టుకుంది.

"ఒరే తమ్ముడా, నానింక బతకను. ఆ పేరుతో మాత్రం నన్ను పంపించీకురా. మీ బావ దగ్గరికి ఎలాగెల్తాన్రా? నా పేరు సెప్పు, ఆయన గోత్రం సెప్పు. ఇదొక్కటీ సెయ్యరా."

"అలాగేనప్పా, అలాగే," అంటూ నాన్న చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ మధ్యాహ్నమే అత్త పోయింది.

తెలుగు వచ్చిన పురోహితుడొకాయన దొరికాడు. ఆస్పత్రి గేటు దగ్గర పాడె కట్టారు. గుమస్తా సంతకం కోసం కాగితం పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. పురోహితుడు దర్భలు సర్దుకుంటూ అడిగాడు.

"పోయినావిడ మీకేమవుతారు? పేరు, గోత్రం చెప్పండి."

నాన్న గుమస్తా వైపు చూశాడు. చేతిలో కాగితం వైపు చూశాడు. "మా అమ్మ" అన్నాడు. నాయనమ్మ పేరు, మా గోత్రం చెప్పాడు. మూడేళ్ళ కిందట బిలాస్‌పూర్‌లో అర్పా నది ఒడ్డున దహనమైన మనిషికి మళ్ళీ మంత్రాలు మొదలయ్యాయి. అత్త పేరున ఒక్క మంత్రమూ లేదు.

నాన్న పిరికితనం గురించి జీవితమంతా ఎంతమందికో చెప్పాను. ఈ మిగిలిన ముక్క ఎవరికీ చెప్పలేదు. నాకప్పుడు పదిహేనేళ్ళు, మరీ పసిదాన్నేం కాదు. అత్త పేరు నాకు తెలుసు, ఆవిడ అత్తింటి గోత్రమూ తెలుసు. పురోహితుడు నా వైపు కూడా చూసి, "అంతేనా అమ్మా?" అని అడిగాడు.

అంతేనన్నాను.