యంత్రం గొంతు

చక్కెర ఫ్యాక్టరీలో కంప్యూటర్ విభాగం మేనేజరుగా రిటైరైన మరుసటి ఏడాది, అల్లం నాట్లు ముగిసిన రోజుల్లో, జహీరాబాద్‌లో కొత్తగా మొదలైన ఒక స్టార్టప్ సహాయ కార్యక్రమంలో చేరాను. నా భాగస్వామి సంగమేశ్. బీదర్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్లది. వ్యవసాయ విస్తరణాధికారిగా కోహీర్, రాయికోడ్ మండలాల్లో పొలం పొలం తిరిగినవాడు. పంటకు తెగులొస్తే రైతు ఫోన్ చేసి అడగాలి, జవాబు దొరకాలి: మా ఆలోచన ఇంతే.

అక్కడ ప్రతి జట్టూ ముందుగా టెక్నాలజీ స్టాక్ ఖరారు చేసుకోవాలి. ప్రోగ్రామ్ ఏ భాషలో రాయాలి, సమాచారం ఎందులో దాచాలి, ఏ సర్వర్ మీద నడపాలి, ఇవన్నీ కలిపి స్టాక్ అంటారు. తర్వాత ఒకటి మారిస్తే మిగతావీ కదులుతాయి. మా ముందు రెండు దారులున్నాయి. మొదటిది తేలిక: రైతు మిస్డ్ కాల్ ఇస్తే సంగమేశ్ తిరిగి ఫోన్ చేస్తాడు, చిన్న డేటాబేస్ చాలు. రెండోదాంట్లో రైతు మాట విని యంత్రమే జవాబు చెబుతుంది. చుట్టూ ఉన్న కుర్రజట్లన్నీ అలాంటివే ఎంచుకున్నాయి. వాళ్ల మధ్య మిస్డ్ కాల్ అనడానికి నాకు నామోషీ అనిపించింది. రెండోదే ఎంచుకున్నాను.

యంత్రానికి మా ప్రాంతపు మాట పట్టుబడలేదు. "గడ్డ మురుగుతాంది" అని, అంటే అల్లం దుంప కుళ్లుతోందని చెబితే, మురుగు కాలువ శుభ్రం చేసుకొమ్మంది. వారాల తరబడి సరిచేశాం. జట్లన్నీ తమ పనిని అతిథులకు చూపించాల్సిన ప్రదర్శన ముందురోజు కూడా అదే జవాబు. మర్నాడు ప్రదర్శన హాలు పక్క గదిలో కూర్చుని యంత్రం బదులు నువ్వే మాట్లాడమని సంగమేశ్‌కు చెప్పాను.

"గిట్ల జేస్తే మంచిగుంటదా సార్?" అన్నాడు.

"ఒక్క పూటే గదా. తర్వాత అంతా సక్కగ జేద్దాం."

మర్నాడు చెప్పినట్టే ఆ గదిలోకి వెళ్లి కూర్చున్నాడు.

హైవే పక్కన ఓ ఫంక్షన్ హాలు పైఅంతస్తులో ప్రదర్శన. హైదరాబాద్ నుంచి అతిథులు వచ్చారు, చుట్టుపక్కల రైతులనూ పిలిచారు. కోహీర్ నుంచి వచ్చిన తుల్జమ్మ అనే అల్లం రైతు చేతికి ఫోన్ ఇచ్చాను. జవాబు అందరికీ వినిపించేలా స్పీకర్ పెట్టాం.

"ఆకులు పసుపుపచ్చగయితున్నయ్, గడ్డ మురుగుతాంది. ఏం జెయ్యాలె?" అని అడిగింది.

"పొలంల నీళ్లు నిలుస్తున్నయా?" అంది స్పీకర్. అతిథులు మెచ్చుకోలుగా తలూపారు.

తుల్జమ్మ నవ్వింది. "ఏం సంగమేశ్ సారూ, మొన్ననే అచ్చి సూసిపోతివి గదా! మల్ల నన్నడుగుతవేంది?"

హాలు గొల్లుమంది. సంగమేశ్ ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను.

"అవ్ తుల్జమ్మా, నేనే" అన్నాడు సంగమేశ్. నీళ్లు పోయేలా కాలువ తీయమని, మురిగిన మొక్కలు పీకి దూరంగా పారేయమని నింపాదిగా పూర్తి జవాబు చెప్పాడు. పక్క గదికి వేరే తలుపు లేదు. ఆయన బయటికి రావాలంటే అంతమంది ముందునుంచే నడవాలి. తల వంచుకుని నడిచాడు. ఊళ్లల్లో ఆయన వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టే రైతులే చూస్తున్నారు. నేను మైకు తీసుకుని, ఈ ఏర్పాటు నాదని చెప్పాను.

"మనిషిని లోపట గూసోవెట్టి మిషనని జెప్పుడెందుకు సార్? సార్ ఉన్నడంటే మాకు ఫికరుండదు గదా" అంది తుల్జమ్మ. కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక అడిగింది.

మమ్మల్ని కార్యక్రమం నుంచి తప్పించారు. ఆ సంగతి చెప్పడానికి పిలిచిన నిర్వాహకురాలు, మీ మిస్డ్ కాల్ పద్ధతినైనా తీసుకునేవాళ్లమేనండి, అంది. తిట్టి ఉంటే అంతకన్నా తేలిగ్గా ఉండేది.

ఇప్పుడు ఆ పద్ధతే సొంతంగా నడుపుతున్నాం. డేటాబేస్ నేను చూస్తాను, ఫోన్లు సంగమేశ్ చేస్తాడు. ఆనాటి సంగతి ఆయన ఇంతవరకు ఎత్తలేదు. కానీ ఏ రైతుకు ఫోన్ చేసినా ముందుగా తన పేరు చెబుతాడు. పక్కనుంటే నేను అటు చూడలేను.

స్టాక్ ఎంచుకునేటప్పుడు ఏ పని యంత్రం చేస్తుందో, ఏ పని మనిషి చేస్తాడో ముందుగా తేల్చుకోవాలి. వాడుకునేవాళ్లకు ఆ మాట చెప్పడానికి సిగ్గుపడాల్సి వస్తే ఆ ఎంపిక తప్పు.